ఎవరి చేయి?

శంఖం ఊదారన్న సంగతి తియోఫిల్‌కి కుక్క చెప్పాలి.

ఆ కుక్క పేరు సార్జెంట్. ఒడ్డున ఊతదుంగల మధ్య నిలబెట్టిన ఓడ కింద, దాని పొట్ట నీడలో పడుకుంటుంది. జెత్రో మేస్త్రి పొద్దున్నే శంఖం నోటికి పెట్టుకున్నాడంటే అది ఒళ్లు విదిలించుకుని, ఓ ఆవులింత తీసి, ఓడ ముక్కు వైపు నడుస్తుంది. అది లేస్తే తియోఫిల్ కూడా సముద్రద్రాక్ష చెట్టు మొదట్లోంచి లేచి పనిసంచి భుజాన తగిలించుకుంటాడు. అది కదలకపోతే ఇతనూ కదలడు. ఏడాదిగా ఇదే ఏర్పాటు. లామెర్ రేవులో ఈ సంగతి తనకీ కుక్కకీ తప్ప మూడో ప్రాణికి తెలీదని అతని ధీమా.

ఆ మంగళవారం కుక్క మామూలుకంటే ముందే లేచింది. నీళ్ల పరీక్ష రోజది.

డెబ్బై అడుగుల పాత సరుకు ఓడ. పద్నాలుగేళ్లు మడచెట్ల బురదలో పక్కకి ఒరిగి మేకలకి కొట్టంగా బతికింది. దాన్ని కొని, రెండేళ్లుగా బాగుచేయిస్తున్నది కెప్టెనమ్మ. మారిట్ ఆవిడ పేరు. చలిదేశపు మనిషి, ఎండకి ముక్కు ఎప్పుడూ ఉల్లిపొరలా ఊడుతుంటుంది. కొండమీది కోకో రైతులు చెప్పిన ధరకే కోకో కొని తెరచాపల మీద సముద్రం దాటించాలనీ, దారిలో గాలివాన కొట్టేసిన దీవులకి చేతనైన సాయం మోసుకెళ్లాలనీ ఆవిడ పట్టుదల. మొదటి ప్రయాణం ఉత్తరపు దీవికి. నిరుడు తుఫానుకి అక్కడ ఇళ్ల మీద కప్పనేది మిగల్లేదు. ఇంటికప్పు రేకులూ నీళ్ల తొట్లూ విత్తనాల బస్తాలూ అప్పుడే షెడ్డులో చేరి కూర్చున్నాయి. శనివారం ఊతదుంగలు నరికి ఓడని నీళ్లలోకి లాగాలి. పేరు పలక మీద గుడ్డ కప్పి ఉంది. ఓడ తడిసేదాకా ఆ పేరు ఎవరూ పలకరు.

"న్యాయమైన బేరం అంటే ఏంటనుకున్నారు?" అంటుంటాడు జెత్రో మేస్త్రి. "గాలికి కూలి ఎగ్గొట్టి, ఆ మిగిలింది రైతు చేతిలో పెట్టేది."

ఓడకి పలకలు బిగించడం జెత్రో పని. పలకకీ పలకకీ మధ్య సందులో పీచు కూరే పని ఇద్దరిది. ఎడంపక్క తియోఫిల్‌ది, కుడిపక్క యూలీన్‌ది. యూలీన్‌కి నలభై నిండలేదు. ఇరవై ఏళ్ల కింద తియోఫిల్ దగ్గరే సుత్తి పట్టడం నేర్చుకుంది. ఆడదానికి ఈ పనేంటని ఊరు నవ్వితే, "సుత్తికి మీసాలున్నాయా?" అని అడిగినవాడు తియోఫిలే.

సందులో పీచు పెట్టి, మొద్దునోటి ఉలి ఆనించి, కొయ్యసుత్తితో కొడుతుంటే మొదట దబ్ దబ్ మంటుంది, తడిగోనె మీద కొట్టినట్టు. పీచు బిగిసేకొద్దీ చప్పుడు సన్నబడి, చివరికి టంగుమని మోగుతుంది. మోగిందా, ఆపాలి. ముందే ఆపితే నీరు కారుతుంది. మోగాక కూడా కొడితే పలక అంచు నలుగుతుంది. ఈ పనిలో చెయ్యి కూలిది, చెవి మేస్త్రి. తియోఫిల్‌కి ఆ చెవి మేస్త్రి పని మానేసి ఏడాదైంది. తియోఫిల్ లెక్కపెట్టి కొడుతున్నాడు. ఆరు దెబ్బలు, జరుపు. ఆరు దెబ్బలు, జరుపు. నలభై ఏళ్ల చెయ్యి కదా, దానికే తెలుస్తుందిలే అనుకున్నాడు.

పంపు పెట్టి ఓడ కడుపులోకి మోకాల్లోతు సముద్రపు నీళ్లు ఎక్కించారు. లామెర్ రేవులో తారు పూయకముందే ఈ పరీక్ష. తారు తప్పుని కప్పిపెడుతుందని పెద్దల మాట. జనం చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. జెత్రో సుద్దముక్క పట్టుకుని, మెడ రిక్కించి, ఒక్కో అతుకే చూసుకుంటూ కుడిపక్కంతా తిరిగాడు. పొడి. వెనకనించి ఎడంపక్కకి వచ్చాడు. పొడి, పొడి. మూడో ఊతదుంగ దాటి నాలుగు మూరలు ముందుకి రాగానే ఆగిపోయాడు.

పాలు తాగి నిద్రపోయిన పిల్లాడి మూతి దగ్గర చెమ్మలా, అతుకు మీద ఒక మెరుపు. చూస్తుండగానే అది చుక్కయింది. చుక్క జారి ఇసుకలో పడింది. వెనకే ఇంకోటి.

జెత్రో దాని చుట్టూ సుద్దతో గుండ్రంగా గీసి, జనం వైపు తిరిగి అడిగాడు. మాట వినపడకపోయినా తియోఫిల్‌కి ఆ పెదాల కదలిక పుట్టినప్పటినించీ తెలుసు.

"ఎవరి చేయి?"

అతుకు కారడం ఆ రేవులో తప్పు కాదు. ఏ చెయ్యికైనా ఓ రోజు పొరపాటు జరుగుతుంది. చేసినవాడు "నాది" అని ముందుకొచ్చి, అందరి ముందూ ఆ అతుకు విప్పి, మళ్లీ కూరి, మోగించి చూపిస్తాడు. ఓ చుక్క రమ్ము అతుక్కి, ఓ గుక్క అతనికి. దాంతో సరి. మూగనోరు పట్టినవాడే తప్పు చేసినవాడు. తియోఫిల్ తన బతుకులో మూడుసార్లు "నాది" అన్నాడు, మూడుసార్లూ గొంతెత్తి అన్నాడు.

ఇది నాలుగోది. ఆ అతుకు అతనిదే. ఆ పూట వాన పడటం, గోనె కప్పుకుని కూరడం కూడా గుర్తుంది. నోరు తెరవబోయాడు. తెరిస్తే సుత్తి పట్టాలి. జెత్రో పక్కనే నిలబడతాడు. ఎక్కడ ఆపాలో తనకి తెలియడం లేదని మూడో దెబ్బకే జెత్రోకి తెలిసిపోతుంది.

"నాది," అంది యూలీన్.

అందరూ అటు తిరిగారు. తియోఫిల్ కూడా, అందరూ తిరిగారు కాబట్టి తిరిగాడు. యూలీన్ అప్పటికే జనాన్ని తోసుకుని ముందుకొస్తోంది. తియోఫిల్‌కి భుజం పట్టేసినప్పుడు నాలుగు రోజులు ఎడంపక్క తనే కూరిందిగా, అవును, మూడో దుంగ దగ్గరే కదూ, అని జనం తలలాడించారు. ఒకడు పక్కవాడి చెవిలో ఏదో అని నవ్వాడు. ఆ నవ్వుకి చెవులక్కర్లేదు.

పంపు తిప్పి నీళ్లు తోడాక, యూలీన్ కొక్కెంతో సందులోంచి పీచు లాగింది. ప్రతి చేతికీ పీచు మడిచే తీరు ఒకటుంటుంది. తియోఫిల్‌ది ఎడమచేతి వాటం. అతని మడతలన్నీ ఎడమకి వాలి ఉంటాయి, పాప జడలో పాయల్లా. రేవులో అలా మడిచేవాడు ఇంకోడు లేడు. సందులోంచి వచ్చిన పీచు ఎడమకి వాలి ఉంది. యూలీన్ దాన్ని జెత్రో కంటపడనీయకుండా గుప్పిట్లో నలిపి, పైబట్ట జేబులో కుక్కేసింది. ఆ గుప్పిట మూసుకోవడం తియోఫిల్ చూశాడు.

ఆమె కూరింది, మోగించింది. జనం చప్పట్లు కొట్టారు. కెప్టెనమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. చేతిలో కాగితాల అట్ట.

"యూలీన్, నాకు చాలా బాధగా ఉంది," అంది. ఆవిడ ఎప్పుడూ నోరంతా తెరిచి ఒక్కో మాటా విడివిడిగా అంటుంది, అందుకే తియోఫిల్‌కి ఆవిడ మాటలే బాగా అందుతాయి. "పరీక్షలో కారిన అతుకు ఎవరిదో బీమావాళ్ల కాగితంలో రాయాలి. ఆ మనిషినే ఓడ కడుపులో కాపలా పెట్టానంటే వాళ్లు ఒప్పుకోరు. నీ బదులు తియోఫిల్ గారు వస్తారు."

మొదటి ప్రయాణంలో పీచు కూరినవాళ్లు ఒకరు ఓడ కడుపులో పడుకోవాలి, పలకకి చెవి ఆనించి. ఓడ సముద్రంలో కొత్తగా ఒళ్లు విరుచుకుంటుంటే ఏ అతుకు మూలిగిందో ముందుగా వినాల్సింది వాళ్లే. ఆ చోటు యూలీన్‌కిస్తామని నెల కిందటే ఖాయమైంది. ఆమె అక్క ఓడెట్ ఉత్తరపు దీవిలోనే, ముగ్గురు పిల్లలతో, పది నెలలుగా టార్పాలిన్ కింద ఉంటోంది. అక్క కోసమని యూలీన్ ఒక కుట్టుమిషను కొని గోనెలో చుట్టి పెట్టింది కూడా.

"మీ ఇష్టం కెప్టెనమ్మా," అని యూలీన్ సుత్తి తుడుచుకుంది.

జెత్రో వచ్చి తియోఫిల్‌ని రెండు చేతులా కౌగిలించుకున్నాడు. గడ్డం కదులుతోంది, భుజం తడుతున్నాడు. ఇతను కూడా నవ్వి తలాడించాడు. ఓడ కడుపులో పెద్దాయన చెవి ఉందంటే ఇక భయమేంటని జెత్రో అన్నాడని తరవాత తెలిసింది.

రాత్రి ఇంట్లో భార్య మార్సెలిన్ మొక్కజొన్న సంకటి కెలికి, కందికాయల పులుసూ వేయించిన చేపా ముందు పెట్టింది. కూర్చోలేదు, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఊరంతా చెప్పుకుంటున్నారు. ఓడెక్కుతున్నావంట."

"ఆఁ."

"వినడానికంట."

తియోఫిల్ సంకటి ముద్ద పులుసులో ముంచాడు.

"నిన్నేనయ్యా! వినడానికంట!"

"అరవకే. వినపడుతోంది."

"వినపడుతోందా? పొద్దున తలుపు బయట మేక అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. నీ చెవి సంగతి ఈ ఇంట్లో మేకక్కూడా తెలుసు." దగ్గరికొచ్చి, అతని మొహానికి ఎదురుగా వంగి, పెదాలు కనిపించేలా అంది. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఎంతసేపట్నించి కొరుకుతున్నాడో పాపం, తెగట్లేదు అనుకున్నాడంట. నువ్వు అంతకంటే ఘనుడివి. కొరికేవాణ్ణి చూసి, నాకూ వినపడిందని తలూపే రకం."

"యూలీన్ నాది అంది. నేను అనమన్నానా?"

"కాదని అన్నావా?"

తియోఫిల్ మంచినీళ్లకి చెయ్యి చాపాడు. మంచినీళ్ల చెంబు అందించింది గానీ మార్సెలిన్ కళ్లు తిప్పలేదు.

"ఆ ఓడలో తొమ్మిదిమంది ఎక్కుతున్నారు," అంది. "వాళ్లంతా నీ చెవి మీద తల పెట్టుకుని పడుకుంటారు."

బుధవారమంతా అతనికి ఎక్కడా కాలు నిలవలేదు. షెడ్డులోకెళ్లి రేకులు లెక్కపెట్టాడు, ఎవరూ అడక్కుండానే. పదును పెట్టిన ఉలినే మళ్లీ రాయి మీద నూరాడు. మూడో ఊతదుంగ దగ్గరికి వెళ్లడం, సుద్దగీత చూడటం, ఎవరైనా వస్తుంటే దుంగకి వేసిన మేకులు సరిచూస్తున్నట్టు నటించడం. అవతల యూలీన్ తారు కాచే పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోస్తోంది. ఒకసారి తలెత్తి చూసింది. అతనే తల తిప్పుకున్నాడు.

సాయంత్రం రమ్ము దుకాణంలో నలుగురూ అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఐసుముక్క వేస్తే మునిగిపోయేంత ఘాటు రమ్ము ఒకడు పోశాడు. ఇంకొకడి పెదాలమీద 'ఆడది', 'పీచు' అన్న రెండు మాటలు కనబడ్డాయి. అందరూ పగలబడి నవ్వారు. అందరితో పాటు తియోఫిల్ కూడా నవ్వాడు. నవ్వాక, ఆ నవ్వు నోట్లో చేదుమాత్రలా ఉండిపోయింది. గ్లాసు సగంలో వదిలి లేచొచ్చాడు.

గురువారం వెలుగురేఖ రాకముందే ఒక నిర్ణయానికొచ్చి బయల్దేరాడు. మిగతా ఎడంపక్కంతా తనే మళ్లీ చూసుకుంటాడు. ఆరు దెబ్బలు కాదు, పది కొడతాడు. శంఖం వేళకి ఎంతైతే అంత. రేపు కూడా వస్తాడు. ఓడని కట్టుదిట్టం చేశాక తన చెవి ఏమైతేనేం?

ఓడ కింద సార్జెంట్ పడుకోలేదు, కూర్చుని ఉంది. దాని చెవులు నిక్కి, ఎడంపక్క ముందుభాగం వైపు తిరిగి ఉన్నాయి. తియోఫిల్ అటు నడిచాడు. పది అడుగుల దూరంలోకి వచ్చాక గానీ కంటికి ఆనలేదు. యూలీన్. బోర్లించిన పీపా మీద నిలబడి, అతని అతుకు మీద ఉలి ఆనించి కొడుతోంది. సుత్తి ఎత్తుతోంది, దించుతోంది. చెట్టుమీద పక్షులు అదిరి లేస్తున్నాయి. అతనికి మాత్రం అంతా దూది.

ఆమె కూరిన ప్రతి మూర చివరా మసిబొగ్గుతో చిన్న చుక్క ఉంది. తెల్లబడుతున్న వెలుగులో తియోఫిల్ ఆ చుక్కల్ని కంటితో పట్టుకుని వెనక్కి నడిచాడు. ముక్కునించి మొదటి దుంగ, రెండో దుంగ, తోక దగ్గర్నించి మూడో దుంగ... రెండువైపులనించీ వచ్చి, నడుమ కొద్దిమూరలు తప్ప ఎడంపక్కంతా చుక్కలే. రోజూ చూసే పలకల మీద, చెక్కలోని మచ్చలనుకుని తను దాటిపోయిన చుక్కలు.

తిరిగొచ్చి పీపాని కాలితో తన్నాడు. యూలీన్ పడబోయి పలక పట్టుకుని దిగింది.

"నా పని మీద చెయ్యేసేంతదానివయ్యావా?"

"నెల రోజులుగా వేస్తున్నా బాబాయ్. వినపడిందా?"

ఆ మాట ఆమె గట్టిగా కూడా అనలేదు. పెదాలమీదే చదివాడు. పక్కనున్న ఊతదుంగకి ఆనుకుని కూలబడ్డాడు.

యూలీన్ అతని ఎదురుగా ఇసుకలో గొంతుక్కూర్చుంది, మొహం కనిపించేలా.

"ఎప్పట్నించి తెలుసు?"

"నీ సుత్తి పాట మానేసినప్పట్నించి. ఆరేసి దెబ్బలు, ఆరేసి దెబ్బలు, గడియారంలాగా. నువ్వు అలా కొట్టే మనిషివా?"

"చెప్పాల్సింది."

"చెప్తే? కెప్టెనమ్మ ఎడంపక్కంతా విప్పించేది. ఇరవై రోజులు. ఈలోగా గాలివానల కాలం వచ్చేస్తుంది, ఓడ ఒడ్డునే. మా అక్క నెత్తిన ఇంకో ఏడు టార్పాలినే." ఆమె ఉలికి అంటిన పీచు గోటితో గీకింది. "అందుకే పొద్దున్నే వచ్చి మళ్లీ కూరుకుంటూ వచ్చా. ఆ మూడో దుంగ దగ్గరికి వచ్చేసరికి మంగళవారం వచ్చిపడింది. నాది అంటే ఒక్క మూరతో పోతుందనుకున్నా. ఆవిడ నిన్ను ఓడెక్కిస్తుందని కల గన్నానా?"

"నన్ను కాపాడాలని అన్నావనుకున్నా."

"నిన్నా!" యూలీన్ ఉమ్మి పక్కకి ఊసింది. "నీ మీద ఎంత మండిందో నీకేం తెలుసు. నువ్వు నోరు తెరుస్తావని ఊపిరి బిగబట్టి చూశా. చూసి చూసి నేనే అన్నా."

తియోఫిల్ తన చేతులకేసి చూసుకున్నాడు. బొటనవేళ్ల గోళ్లలో నలభై ఏళ్ల తారు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"రేపు మళ్లీ నీళ్లెక్కిస్తారు. అయ్యాక కెప్టెనమ్మ పేర్లు రాస్తుంది. మోకాళ్ల నొప్పి, నా వల్ల కాదని చెప్పు. ఈ దీవి మొత్తానికి పీచు కూరేవాళ్లం ఇద్దరమే. చచ్చినట్టు నన్నే ఎక్కించుకుంటారు. నీ చెవి సంగతి నాతోనే ఉంటుంది." లేచి, పీపా సరిచేసి, ఎక్కబోతూ జేబులోంచి నలిగిన పీచుముద్ద తీసి అతని ఒళ్లో పడేసింది. "ఇది నీ దగ్గరే ఉంచుకో. నా జేబంతా కంపు."

మోకాళ్ల నొప్పి. ఎంత తేలికైన మాట. ఆ పగలంతా దాన్ని నోట్లో నాన్చి చూసుకున్నాడు. అబద్ధం కూడా కాదు, కుడిమోకాలు నిజంగానే లాగుతుంది.

సాయంకాలం మార్సెలిన్ పోయినవాళ్లకి పెద్దల పళ్లెం పెట్టింది. ఓడ నీళ్లలో దిగే ముందు ప్రతి ఇంట్లోనూ పెట్టేదే. తెల్లబట్ట పరిచి, ఉప్పులేని సంకటీ కోడికూరా వడ్డించి, పక్కన రమ్ము గ్లాసు. తియోఫిల్ తండ్రి పేరు చెప్పి, అతని పాత కొయ్యసుత్తి తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది.

"అడుగు మీ నాన్నని, మోకాళ్ల నొప్పంటే నమ్ముతాడేమో," అంది.

"నీకెవరు చెప్పారు?"

"యూలీన్. నాకే కదా చెప్పుకుంటుంది, నీతో మాట్లాడితే ఊరంతా వినాలి." తలుపు మూసి వస్తూ అతని భుజం మీద చెయ్యేసింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

శుక్రవారం ఓడ కడుపులోకి మళ్లీ నీళ్లెక్కాయి. జెత్రో సుద్దముక్కతో కుడిపక్క తిరిగాడు, ఎడంపక్క తిరిగాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. సుద్దముక్క జేబులో వేసుకుని రెండు చేతులూ పైకెత్తాడు. జనం కేకలు వేశారు. రేపటి విందుకి కట్టేసిన పొట్టేళ్లు కూడా ఉలిక్కిపడి తాళ్లు లాగాయి.

కెప్టెనమ్మ నీళ్ల తొట్టె మీద కాగితాల అట్ట ఆనించి, పెన్ను మూత తీసింది.

"ఓడ కడుపు కాపలా, తియోఫిల్..." రాయబోతూ తలెత్తింది. "మీ ఇంటిపేరు ఎలా రాయాలి?"

యూలీన్ అవతల నిలబడి తన మోకాలు మీద చెయ్యేసి రాసుకుంది, గుర్తు చేస్తున్నట్టు. తియోఫిల్ నోరు తెరిచాడు.

"నాది," అన్నాడు.

"ఏంటి?"

"మంగళవారం కారిన అతుకు. నా చేయి."

ఎంత గట్టిగా అన్నాడో అతనికి తెలీదు. తన గొంతు కూడా ఈ మధ్య తనకి సరిగా అందడం లేదు. కానీ సార్జెంట్ తలెత్తింది. జనం నోళ్లు ఆగిపోయాయి. అంటే గట్టిగానే అన్నాడు.

జేబులోంచి పీచుముద్ద తీసి, కాగితాల మీద పెట్టి, మునివేళ్లతో విప్పాడు. మడతలన్నీ ఎడమకి వాలి ఉన్నాయి. జెత్రో వచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూడలేదు, అక్కర్లేదు. నిటారుగా నిలబడి తియోఫిల్ మొహంలోకి చూశాడు.

"మూడు రోజులాలస్యంగానా?"

"చెవి పోయింది మేస్త్రీ. ఏడాదైంది. సుత్తి పడితే నీకు తెలిసిపోతుందని నోరు మూసుకున్నా."

ఎవరో పకాలుమని నవ్వినట్టున్నారు. జెత్రో అటు చూడకుండానే చెయ్యి చాపి ఆపాడు. కెప్టెనమ్మ ముక్కు ఎర్రబడి, మొహమంతా తెల్లబడింది.

"ఏడాదిగానా? అంటే ఈ పక్కంతా... మొత్తం పక్కంతా విప్పాలా?"

"నీళ్లు లోపలే ఉన్నాయి కదమ్మా. ఒక్క చుక్క చూపించండి," అన్నాడు తియోఫిల్. "మేస్త్రీ, ఓసారి కొట్టి చూడు."

జెత్రో సుత్తి తీసుకున్నాడు. ముక్కు దగ్గర మొదలుపెట్టి, అడుగుకో దెబ్బ వేసుకుంటూ, ప్రతి దెబ్బకీ తల పక్కకి వంచి నడిచాడు. తియోఫిల్ సుత్తిని చూడలేదు, జెత్రో కనుబొమల్ని చూశాడు. మొదటి దుంగ దగ్గర అవి ముడిపడి ఉన్నాయి. రెండో దుంగ దగ్గర విడ్డాయి. మూడో దుంగ దాటేసరికి పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. తోకదాకా వెళ్లి, అక్కడినించి వెనక్కి చూశాడు. ఒక బొగ్గుచుక్క మీద వేలు పెట్టాడు, ఇంకో చుక్క మీద పెట్టాడు.

గుడిగంటలా మోగుతున్నాయి అన్నీ, అన్నాడు. తరవాత ఆ రేవులో ఎన్నడూ ఎవరూ, కారని అతుకుని చూసి అడగని మాట అడిగాడు.

"ఎవరి చేయి?"

యూలీన్ తల వంచుకుని పైబట్ట అంచు మెలిపెడుతోంది. నోరు తెరవలేదు. కారినప్పుడు చటుక్కున తెరుచుకున్న నోరది.

"యూలీన్‌ది," అన్నాడు తియోఫిల్. "ఈ పక్కా ఆ పక్కా, మొత్తం ఓడంతా. అది పొద్దున్నే వచ్చి కొడుతుంటే ఊళ్లో పక్షులన్నీ విన్నాయి, నేను తప్ప."

రమ్ము దుకాణంలో 'ఆడది' అన్నవాడు చెప్పులో ఇసుక దులుపుకోవడానికి వంగాడు, ఎంతకీ లేవలేదు. కెప్టెనమ్మ తియోఫిల్ పేరు కొట్టేసింది. ఆ పైన యూలీన్ పేరు రాసింది. రాసి, యూలీన్ దగ్గరికెళ్లి ఏదో అంది. ఈసారి నోరు పెద్దగా తెరవలేదు గనక అదేంటో తియోఫిల్‌కి అందలేదు. యూలీన్ మాత్రం "సర్లెండి, నా కుట్టుమిషనుకి చోటుంచండి" అందని అందరూ నవ్వాక మార్సెలిన్ చెప్పింది.

జనం కదలబోయారు. జెత్రో కదలలేదు.

"నీళ్లు తోడండి. అతుకు విప్పండి," అన్నాడు.

"బాగున్నదాన్ని ఎందుకు విప్పడం?" కెప్టెనమ్మ తెల్లబోయింది.

"నాది అన్నాడు కదమ్మా. అన్నవాడు కూరాలి. రేపు దుంగలు నరికేముందు ఈ బాకీ ఓడ మీద ఉండకూడదు."

తియోఫిల్ తన తండ్రి సుత్తి తెచ్చుకున్నాడు. మూడో దుంగ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని యూలీన్ కూరిన పీచు లాగేశాడు. కొత్త పీచు ఎడమకి మడిచి సందులో పెట్టాడు. ఉలి ఆనించాడు. నలభై మంది చూపులు మెడమీద ఉన్నాయి. చెయ్యి లేవలేదు.

యూలీన్ వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. ఓ చెక్కచీల తీసి, దాని ఒక కొస అతుకు పక్కన పలకకి ఆనించి, రెండో కొస అతని నోటి ముందు పెట్టింది.

"కొరుకు," అంది.

"ఏంటే?"

"కొరుకు బాబాయ్! పళ్లున్నాయిగా!"

కొరికాడు. నోట్లో దేవదారు చేదు. ఎవరో వెనకనించి, శంఖం కూడా తెప్పించమంటావా పెద్దాయనా, అన్నట్టున్నారు, మార్సెలిన్ నవ్వుతోంది. అతను సుత్తి ఎత్తి కొట్టాడు.

దబ్.

దవడలో. చెవిలో కాదు, దవడ ఎముకలో, పళ్ల వేళ్లలో. తడిగోనె మీద కొట్టినట్టు. దబ్. మళ్లీ. దబ్. ఉలి జరిపాడు, వెనక్కి తెచ్చాడు, లెక్కపెట్టడం మర్చిపోయాడు. ఏడో దెబ్బకో పదో దెబ్బకో ఆ చప్పుడు సన్నబడటం మొదలైంది. కళ్లు మూసుకున్నాడు. పుర్రె లోపల ఎక్కడో, ఏడాదిగా తలుపేసి ఉన్న గదిలో, ఎవరో గంట కొట్టారు.

జెత్రో ఆపమనడానికి చెయ్యెత్తబోయాడు. అప్పటికే తియోఫిల్ సుత్తి దించేశాడు.